బరువు తగ్గించే ఆపరేషన్ గురించి మా అమ్మాయికి

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన రిపోర్టులన్నీ నిదానంగా చదివాను. బరువు తగ్గే ఆపరేషన్ గురించి ఆలోచించమని డాక్టరు గారు చెప్పారనీ, మీ అమ్మ మాత్రం "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా" అని కంటనీరు పెట్టుకుంటోందనీ రాశావు. కొన్నేళ్ళ క్రితం ఈ ఊళ్ళోనే ఆ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని కనుక నాకు తెలిసినదేదీ దాచకుండా రాస్తున్నాను. నా ఉద్దేశం ముందే చెబుతాను. నీకు ఈ ఆపరేషన్ అవసరమే. అయితే ఆ తరువాత జీవితాంతం పాటించవలసినవాటికి నువ్వు సిద్ధపడ్డాకనే తేదీ పెట్టించుకో.

మీ అమ్మ మాట మనసులో పెట్టుకోకు. పథ్యం చేసి బరువు తగ్గించుకున్నప్పుడు శరీరం ఊరుకోదు. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, పోయిన బరువు తిరిగి వచ్చేదాకా ఆ పోరు సాగుతూనే ఉంటుంది. నువ్వు రాగులు, కొర్రలు తిని, తెల్లవారుజామునే బీచ్ రోడ్డులో నడిచి తగ్గించుకున్న బరువంతా మళ్ళీ చేరడానికి కారణం అదే తప్ప నీ బద్ధకం కాదు. స్థూలకాయం ఒక జబ్బు, దానికి వైద్యం చేయించుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

నీ ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు కాబట్టి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 40 దాటింది. మనవాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు వస్తుంది కనుక, మన దేశంలో సర్జన్లు చాలాకాలంగా 37.5 దాటితేనూ, షుగరు, బీపీ వంటివి తోడైతే 32.5 దాటితేనూ ఆపరేషన్ సూచిస్తున్నారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఈ హద్దులను ఇంకా తగ్గించి, ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చని చెప్పాయి. ఇన్సూరెన్సు కంపెనీల లెక్క మాత్రం వేరు. బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి, అదుపు తప్పిన షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), గుండె జబ్బు వంటివాటిలో ఏదైనా ఉండాలి, అదీ ఇతర పద్ధతులు ఫలించలేదని తేలాక. నువ్వు ఆ గీతకు కాస్త పైనే ఉన్నావు కనుక, ఆసుపత్రిలో రాసిన ఎత్తు, బరువు సరిగా ఉన్నాయో లేదో నీ కళ్ళతో చూసుకో. పాత డైటీషియన్ చీటీలు, షుగరు రిపోర్టులు ఒక ఫైలులో పెట్టు. పాలసీ తీసుకుని ఎన్నాళ్ళయిందో, వెయిటింగ్ పీరియడ్ (క్లెయిము వర్తించేదాకా ఆగవలసిన కాలం) పూర్తయిందో లేదో అల్లుడు గారిని కనుక్కోమను.

ఇక ఆపరేషన్ సంగతి. ప్రధానంగా రెండు రకాలున్నాయి, రెండూ లాప్రోస్కోపీలోనే, అంటే చిన్న చిన్న రంధ్రాల గుండానే చేస్తారు. స్లీవ్ అనే రకంలో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కోసి తీసేస్తారు. మిగిలినది సన్నని గొట్టంలా ఉంటుంది, తీసినదాన్ని మళ్ళీ పెట్టడం కుదరదు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించి కలుపుతారు. షుగరు మీద బైపాస్ ప్రభావం ఎక్కువ, విటమిన్ల లోపం కూడా దానితోనే ఎక్కువ. నాకు చేసినది స్లీవ్. నాకు చేశారు కదా అని నువ్వూ అదే అడగవద్దు. నీకు రాత్రిళ్ళు గుండెల్లో మంట, పుల్లత్రేన్పులు ఉన్నాయని రాశావు. స్లీవ్ తరువాత అవి పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నని గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) చేశాకే ఏ రకమన్నది తేల్చమను. నువ్వు బాగా గురకపెడతావని అల్లుడు గారు చెప్పారు కనుక స్లీప్ ఆప్నియా ఉందేమో చూసే నిద్ర పరీక్ష కూడా తప్పదు, మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి ముందే తెలియాలి.

ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో పాతిక నుంచి ముప్పై శాతం దాకా తగ్గుతుంది. అంటే నువ్వు డెబ్భై అయిదు కిలోల దరిదాపులకు వస్తావు. పెళ్ళినాటి ఫోటోలోలా అయిపోతానని ఊహించుకోకు. షుగరు కొద్ది రోజుల్లోనే దిగుతుంది కనుక పాత మోతాదులో మాత్రలు వేసుకుంటూ పోతే కళ్ళు తిరిగి పడిపోతావు, డిశ్చార్జి రోజునే కొత్త మోతాదు రాయించుకో. ప్రాణాపాయం, మంచి ఆసుపత్రుల్లో, వెయ్యిమందిలో ఒకరికి లేదా అంతకన్నా తక్కువ. అయినా కుట్లు వేసినచోట లీకు కావడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం అనే ప్రమాదాలు ఉన్నాయి. ఇంటికి వచ్చాక జ్వరం, గుండెదడ, కడుపులో గానీ భుజంలో గానీ నొప్పి, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

తరువాతి జీవితం గురించి డాక్టర్లు చెప్పేది తక్కువ కనుక నేను వివరంగా రాస్తాను. మొదటి రెండు వారాలూ ద్రవాలే, అదీ చిన్న స్టీలు గ్లాసులోని మజ్జిగతేటను గంటసేపు గుక్కగుక్కగా తాగడం. ఆపైన మెత్తగా మెదిపినవి, నెలన్నర, రెండు నెలలకు మామూలు భోజనం. అప్పుడు కూడా ఒక్క ఇడ్లీని ఇరవై నిమిషాలు నమిలి తినాలి. తొందరపడి పెద్ద ముద్ద మింగితే రొమ్ము ఎముక వెనక రాయి పెట్టినట్టు ఆగిపోయి, నోట్లో నీళ్ళూరి, అది బయటికి వచ్చేదాకా ఊపిరాడనట్టు ఉంటుంది. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అందాలి కనుక ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు తినాలి, చోటు మిగిలితేనే అన్నం. పెళ్ళిళ్ళలో బంధువులు "ఇదేమిటమ్మా, పక్షిలా తింటున్నావు" అంటూ బలవంతంగా వడ్డిస్తారు, వద్దని గట్టిగా చెప్పడం ఇప్పటినుంచే నేర్చుకో. ఐస్‌క్రీము, చెరుకురసం, పాయసం మాత్రం అడ్డులేకుండా జారిపోతాయి. బరువు తిరిగి పెరిగినవారిలో చాలామందికి ఈ దారినే పెరుగుతుంది.

మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది, భయపడకు, చాలావరకు తిరిగి వస్తుంది. వేలాడే చర్మం మాత్రం మిగిలిపోతుంది. మల్టీవిటమిన్, కాల్షియం, విటమిన్ డి, ఐరన్, బీ12 జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్ష చేయించాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటాయి కనుక దాన్ని అజీర్తి అని సరిపెట్టుకోకూడదు. రెండో బిడ్డ కావాలనుకుంటున్నావు కాబట్టి ఇది గుర్తుంచుకో: ఆపరేషన్ తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదు. బరువు తగ్గే కొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలను నమ్మడానికి లేదు, మరో పద్ధతి అడుగు.

ఆసుపత్రి విషయంలో హోర్డింగులనూ, ప్యాకేజీ ధరలనూ చూసి మోసపోకు. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు వెళ్ళినా, ఊళ్ళో మరెక్కడికి వెళ్ళినా, సర్జన్ గారిని అడగవలసినవి అడుగు. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఐసీయూ అక్కడే ఉందా, డైటీషియన్ ఏడాది పొడుగునా చూస్తారా, అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తేది ఎవరు. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ అయిదేళ్ళ క్రితం ఆపరేషన్ చేయించుకున్నవారితో మాట్లాడించమను. ఆపరేషన్ అయి ఆరునెలలైనవాళ్ళు అందరూ సంతోషంగానే ఉంటారు, వాళ్ళ మాటతో నీకు తెలిసేది ఏమీ ఉండదు. నా మటుకు, అయిదేళ్ళయినవారిని ఒక్కరినైనా చూపించలేని చోట చేరవద్దంటాను.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాట కూడా అడిగావు. టిర్జెపటైడ్ 2025 మార్చిలోనూ, బరువుకోసం ఇచ్చే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లోనూ మన దేశానికి వచ్చాయి. బాగానే పనిచేస్తాయి, కానీ మానేస్తే పోయిన బరువులో చాలాభాగం తిరిగి వస్తుంది. ఎన్నేళ్ళు కొనగలవో లెక్క వేసుకుని, ఆపరేషన్‌తో పోల్చి చెప్పమని డాక్టరు గారినే అడుగు.

ఈ వారంలో నిద్ర పరీక్షకూ ఎండోస్కోపీకీ తేదీలు తీసుకో. ఆదివారం గాజువాక నుంచి అల్లుడు గారితో కలిసి ఫైలు పట్టుకుని రా. మీ అమ్మను కూడా వెంటబెట్టుకు రా, తన భయాలన్నీ ఒక్కొక్కటిగా నన్నే అడగనీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ