ముందు సీట్లు లెక్కపెట్టు: రాతు మారా మీద రాస్తున్న సుధకు

చి. సుధకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఫిజీ తొలి ప్రధాని రాతు సర్ కమిసెసె మారా మీద తెలుగులో ఇంత శ్రద్ధగా రాయడానికి పూనుకున్నావు, చాలా సంతోషం. దీన్ని బాగుచేయాలి, చేయవచ్చు కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి పేజీలో ఆయన 'దార్శనికుడు', 'మహానేత', 'జాతిపిత'. ఏడో పేజీకి వచ్చేసరికి అదే మనిషి 'సైనిక కుట్రకు అండగా నిలిచినవాడు'. ఈ రెంటి మధ్య ఏం జరిగిందో పాఠకుడికి అందలేదు. పైగా పొగిడిన చోటల్లా 'చేశారు' అన్నావు, తప్పుపట్టిన చోటల్లా 'చేశాడు' అన్నావు. తెలుగులో క్రియ చివరే తీర్పు చెప్పేస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకో. విశేషణాలన్నీ ఒకసారి కొట్టేసి చదివి చూడు. నీ దగ్గర ఇంకా సేకరించాల్సింది ఏమిటో అప్పుడు కనిపిస్తుంది. అవి రెండే: సీట్ల లెక్క, కౌలు గడువులు. మారా రాజకీయ జీవితం ఈ రెంటి చుట్టూ తిరిగింది.

సీట్లతో మొదలుపెట్టు. 1970 రాజ్యాంగం ప్రకారం దిగువ సభలో 52 స్థానాలు. స్థానిక ఫిజియన్లకు 22, భారత సంతతికి 22, మిగిలిన యూరోపియన్, చైనీస్ తదితరులందరికీ కలిపి 8. ఇక్కడిదాకా నువ్వూ రాశావు. వదిలేసింది దీని లోపలి అమరిక. ఒక్కో 22లో 12 స్థానాలకు ఆ జాతివాళ్లే ఓటేస్తారు, ఇవి 'సొంత' స్థానాలు. మిగతా 10 'జాతీయ' స్థానాలు. అభ్యర్థిది ఫలానా జాతి కావాలి, ఓటు మాత్రం అన్ని జాతులవాళ్లూ వేస్తారు. ఇతరుల 8 స్థానాలను 'సాధారణ' స్థానాలంటారు, వాటిలోనూ 3 సొంతవి, 5 జాతీయం. అంటే లంబాసాలో చెరకు వేసే రైతు పోలింగ్ కేంద్రానికి వెళ్తే ఆయనకు నాలుగు ఓట్లు. ఒకటి తన జాతి స్థానానికి, మిగిలిన మూడూ జాతీయ స్థానాలకు: ఒక ఫిజియన్ అభ్యర్థికి, ఒక భారతీయ అభ్యర్థికి, ఒక సాధారణ అభ్యర్థికి. ఈ నాలుగు ఓట్ల దృశ్యాన్ని వ్యాసంలో కళ్లకు కట్టించు. తర్వాతి ఇరవై ఏళ్లూ పాఠకుడికి తేలిగ్గా అర్థమవుతాయి.

ఇప్పుడు కూడిక చేయి. మారా నడిపిన అలయన్స్ పార్టీకి ఫిజియన్ సొంత స్థానాలు 12, సాధారణ స్థానాలు 3, మొత్తం 15 దాదాపు ఖాయం. ప్రతిపక్షమైన నేషనల్ ఫెడరేషన్ పార్టీకి భారతీయ సొంత స్థానాలు 12 ఖాయం. ఆట అంతా మిగిలిన 25 జాతీయ స్థానాల్లోనే. అక్కడ గెలవాలంటే మారాకు రెండు కావాలి. ఫిజియన్ ఓటు చీలకూడదు, భారతీయ ఓటు కొంతైనా తనవైపు రావాలి. 1972లో రెండూ కుదిరాయి. భారతీయ ఓట్లలో దాదాపు నాలుగో వంతు అలయన్స్‌కు పడింది, 33 స్థానాలు వచ్చాయి. ఆయన మాటల్లోని సామరస్యాన్ని కేవలం స్వభావంగా రాయకు. ఆ స్వభావం ఆయనకు ఉంది. దాన్ని నిలబెట్టిన లెక్క కూడా ఉంది.

1977ను నువ్వు మూడు వాక్యాల్లో దాటేశావు. వ్యాసానికి నడుము అదే. కనీసం రెండు పేజీలు ఇవ్వు. అంతకు రెండేళ్ల ముందు, 1975 అక్టోబరులో, ఒకప్పుడు అలయన్స్‌లోనే ఉన్న సకియాసి బుటాండ్రోకా సభలో ఒక తీర్మానం పెట్టాడు. భారతీయులందరినీ ఇండియాకు తిప్పి పంపాలని, ఖర్చు బ్రిటన్ భరించాలని. ఆయన నేషనలిస్ట్ పార్టీ 1977 మార్చి, ఏప్రిల్ ఎన్నికల్లో ఫిజియన్ ఓట్లలో సుమారు నాలుగో వంతు లాగేసింది. గెలిచింది ఒక్క స్థానమే. కానీ జాతీయ స్థానాల్లో అలయన్స్ ఓటు చీలిపోయింది. ఫలితం: ఫెడరేషన్ 26, అలయన్స్ 24, నేషనలిస్ట్ 1, స్వతంత్రుడు 1.

ఇక్కడ నీ ప్రతిలో పెద్ద తప్పు దొర్లింది. 'ఫెడరేషన్‌కు మెజారిటీ వచ్చినా అధికారం దక్కనివ్వలేదు' అని రాశావు. 52లో 26 సరిగ్గా సగం. మెజారిటీకి 27 కావాలి. దానికితోడు నాయకుడు సిద్దీక్ కోయా ప్రధాని కావాలా వద్దా అని గెలిచిన పార్టీలోనే తర్జనభర్జన నడిచింది. ఎక్కువమంది మద్దతు ఎవరికి ఉంటుందని తనకు తోస్తే వారిని పిలిచే అధికారం రాజ్యాంగం గవర్నర్ జనరల్‌కు ఇచ్చింది. ఆ పదవిలో ఉన్న రాతు సర్ జార్జ్ థాకోంబావు మారాను పిలిచాడు. ఇది సరైన నిర్ణయమేనా అన్న వాదన నేటికీ ఉంది. రెండు పక్షాలనూ రాయి. ఇద్దరూ పెద్ద వంశాల అధిపతులన్న సంగతీ రాయి, 26 అన్న అంకెనూ రాయి. ఒకటి దాచి రెండోది చెబితే అబద్ధమే అవుతుంది. ఆ మైనారిటీ ప్రభుత్వం సభలో ఓడిపోయింది. సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలు. ఈసారి చీలింది ఫెడరేషన్: ఒక వర్గానిది పువ్వు గుర్తు, మరో వర్గానిది పావురం. అలయన్స్‌కు 36 వచ్చాయి, కోయా తన స్థానమే పోగొట్టుకున్నాడు. ఆరు నెలల్లో 24 నుంచి 36. జనం మనసు అంతగా మారిందని అనుకోకు. చీలిక ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి మారింది, అంతే.

ఇంకొకటి ఇక్కడే చెప్పాలి. స్వాతంత్ర్య చర్చల్లో ఎన్నికల పద్ధతిని తేల్చకుండా తర్వాత ఒక కమిషన్‌కు వదిలేశారు. ఆ కమిషన్ 1975లో జాతీయ స్థానాలకు దామాషా తరహా (పడిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కే) ఓటింగు సూచించింది. మారా దాన్ని పక్కన పెట్టాడు. తనను గెలిపిస్తున్న పద్ధతిని మార్చుకోవడానికి ఆయన ఇష్టపడలేదని నా అభిప్రాయం. ఆయన జీవితంలో చేజారిన అసలు అవకాశం ఇదే. 1987 సైనిక తిరుగుబాటుకు వెళ్లే దారిలో మొదటి మలుపూ ఇదే. నీ ప్రతిలో దీని ఊసే లేదు.

ఇక భూమి. ఫిజీ నేలలో నూటికి ఎనభై పాళ్ల పైన స్థానిక ఫిజియన్ కుటుంబ సమూహాలది. దాన్ని అమ్మడానికి వీల్లేదు. 1940లో ఏర్పడ్డ ట్రస్టు బోర్డు ద్వారా కౌలుకు ఇస్తారు. చెరకు పండించేవాళ్లలో ఎక్కువమంది భారత సంతతి. 1966 చట్టం కనీస కౌలును 10 ఏళ్లు చేసింది. 1976లో మారా ప్రభుత్వం దాన్ని 30 ఏళ్లకు పెంచింది. ఏటా కట్టే కౌలు సొమ్ము, ఎలాంటి మెరుగులూ చేయని నేల విలువలో 6 శాతం మించకూడదని గీత గీసింది. భూమి ఇచ్చేవాళ్లకు ఇది తక్కువ అనిపించింది, సాగుచేసేవాళ్లకు 30 ఏళ్లు చాలవనిపించింది. ప్రతిపక్షంలో ఒక వర్గం బిల్లుకు ఓటేసింది, కోయా వర్గం వ్యతిరేకించింది. పువ్వు, పావురాల చీలికకు విత్తు పడింది ఇక్కడే. అందుకే చెబుతున్నాను, భూమికి వేరే అధ్యాయం పెట్టకు. 1976ను 1977కు ముందు పేరాలో ఉంచు, కథ దానంతటదే కదులుతుంది.

చక్కెరను మాత్రం కుదించు. చెరకు రాబడి పంపకం మీద బ్రిటిష్ న్యాయమూర్తి డెన్నింగ్ ఇచ్చిన తీర్పులో రైతుకు 65, మిల్లుకు 35 పాళ్లు దక్కడం, మిల్లులు నడిపిన ఆస్ట్రేలియా కంపెనీ 1973లో తప్పుకోవడం, యూరప్ దేశాలతో కుదిరిన 1975 లోమే ఒప్పందంలో చక్కెర కోటా కోసం మారా గట్టిగా బేరమాడటం: ఒక్క పేరా చాలు. ఆ కోటా వల్లే రెండు జాతులకూ ఆయన అవసరమైన మనిషిగా మిగిలాడు అన్న వాక్యం తప్పక ఉండాలి.

మన తెలుగువాళ్ల సంగతి. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా వెళ్లిన సుమారు 15 వేల మంది గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లు ఉన్నారు. నాండిలో 1926లో పుట్టిన దక్షిణాది సంఘం బడులు పెట్టింది. ఇవి నిజం, రాయి. కానీ నీ ప్రతిలో మూడు పేజీలు అక్కడే ఆగిపోయావు. మొత్తం వెళ్లిన 60 వేల పైచిలుకులో దక్షిణాదివాళ్లు నాలుగో వంతు. మారా ఎదుట కూర్చుని బేరమాడిన నాయకుల్లో ఏ.డి. పటేల్ గుజరాత్ నుంచి వచ్చిన న్యాయవాది. మనవాళ్లకు ఒక పేరా ఇచ్చి, కౌలు గడువుల దగ్గర మళ్లీ వాళ్లను గుర్తుచేయి. అక్కడ వాళ్లు కథలో నిజంగానే ఉన్నారు.

పేర్లు సరిచేసుకో. ఫిజీ అక్షరమాలలో 'డి' ముందు 'న' పలుకుతుంది, 'బి' ముందు 'మ' పలుకుతుంది, 'సి' అక్షరానికి 'థ' లాంటి ధ్వని, 'జి' అక్షరానికి ముక్కుతో పలికే 'ఙ'. కాబట్టి నాడి కాదు, నాండి. రబూకా కాదు, రంబూకా. లకేబా కాదు, లకెంబా. సిగటోకా కాదు, సింగటోకా. కాకోబావు అని నువ్వు రాసినాయన థాకోంబావు. 'రాతు' పేరులో భాగం కాదు, అధిపతి వంశపు మగవాళ్ల బిరుదు. మారాకు 1969లో లావు దీవుల అధిపతిగా వచ్చిన పట్టం 'తుయ్ నయావు'. ఇంకో జాగ్రత్త. ఆ కాలంలో 'ఫిజియన్' అంటే స్థానికులే. ఇప్పుడు పౌరులందరినీ ఫిజియన్లనే అంటారు, స్థానికులను 'ఐతౌకే' అంటారు. మొదట్లోనే ఒక వాక్యంలో ఈ తేడా చెప్పి 'స్థానిక ఫిజియన్లు' అనే మాట వాడుకో.

1987 దగ్గర చేయి వణకడం సహజం. వరసగా తేదీలు పెట్టు. ఏప్రిల్ ఎన్నికల్లో లేబర్, ఫెడరేషన్ పార్టీల కూటమి 28, అలయన్స్ 24. రాజధాని సువా పరిసరాల నాలుగు జాతీయ స్థానాలే తీర్పు మార్చాయి. 1984 నవంబరులో జీతాలు స్తంభింపజేసినందుకు 1985లో పుట్టిన లేబర్ పార్టీ పట్నంలో బలపడటం ఇందుకు కారణం. మారా ఓటమి ఒప్పుకుని దిగిపోయాడు. ఈ వాక్యం నీ ప్రతిలో లేదు, కానీ ఉండి తీరాలి. ఏప్రిల్ 13న డాక్టర్ తిమోథి బవాండ్రా ప్రధాని అయ్యాడు. ఆయన పడమటి ప్రాంతపు స్థానిక ఫిజియన్. నువ్వు 'భారతీయ ప్రధానిని కూల్చారు' అని రాశావు, అది తప్పు. మే 14న లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రంబూకా ముసుగులు వేసుకున్న సైనికులతో సభలోకి వచ్చాడు. ఆ రోజు మారా యనూథా దీవి హోటల్లో ఒక సమావేశంలో ఉన్నాడు. ముందే తెలుసా అన్న ఆరోపణను ఆయన ఖండించాడు. 'తెలిసే ఉంటుంది' అని రాయకు. రికార్డుల్లో ఉన్నదే చాలా బరువైనది: రంబూకా మంత్రిమండలిలో ఆయన విదేశాంగ శాఖ తీసుకున్నాడు. సెప్టెంబరు 23న మారా, బవాండ్రా పక్షాలు రెండూ కలిసి ప్రభుత్వం నడపాలని ఒప్పుకున్నాయి, రెండు రోజులకే రెండో తిరుగుబాటు దాన్ని తుడిచేసింది. డిసెంబరు 5న మారా మళ్లీ ప్రధాని, ఈసారి ఎన్నిక లేకుండా, 1992 జూన్ దాకా.

ఆ మధ్యలో, 1990 జులైలో కొత్త రాజ్యాంగం వచ్చింది. 70 స్థానాలు: స్థానిక ఫిజియన్లకు 37, భారత సంతతికి 27, ఇతరులకు 5, రొటుమా దీవికి 1. జాతీయ స్థానాలు లేవు. మొదటి పేజీల్లో నువ్వు చూపిన లంబాసా రైతును ఇక్కడ మళ్లీ తీసుకురా. ఆయన నాలుగు ఓట్లలో మూడు పోయాయి. అది జరిగింది, ఆ నాలుగు ఓట్లతోనే పదిహేడేళ్లు పాలించిన మనిషి ప్రధానిగా ఉండగా. దీనికి విశేషణం తగిలించకు, పక్కపక్కన పెట్టి ఊరుకో. తన నిర్ణయాలకు ఆయన చెప్పుకున్న కారణాలు 1997లో వచ్చిన ఆత్మకథలో ఉన్నాయి. వాటిని ఆయన మాటగానే రాయి, నీ మాటగా రాయకు.

చివరి దశను పేజీన్నరలో ముగించు. 1993 డిసెంబరులో అధ్యక్షుడు రాతు పెనాయా గనిలావు మరణించాక మారా అధ్యక్ష బాధ్యతల్లోకి వచ్చాడు. 1997 రాజ్యాంగం అన్ని జాతులూ కలిసి ఓటేసే 25 స్థానాలను తిరిగి తెచ్చింది. 1999 మే 19న భారత సంతతికి చెందిన మహేంద్ర చౌదరి ప్రధాని అయ్యాడు. సరిగ్గా ఏడాదికి జార్జ్ స్పైట్ ముఠా ప్రభుత్వాన్ని బందీ చేసింది. బందీల్లో మంత్రిగా ఉన్న మారా కూతురు ఆది కోయిలా కూడా ఉంది. మే 29న సైన్యం ఒత్తిడితో ఆయన తప్పుకుని లకెంబాకు వెళ్లిపోయాడు. 2004 ఏప్రిల్ 18న మరణించాడు. 1987లోనూ 2000లోనూ కూలింది ఎన్నికైన ప్రభుత్వమే. మొదటిసారి ఆయన కొత్త ఏర్పాటులో చేరాడు, రెండోసారి ఆయన్నే దింపేశారు.

పుట్టుక, చదువు 200 మాటలకు మించనీయకు. 1920 మేలో వనువంబలావులో పుట్టడం, ఒటాగోలో వైద్యం చదువుతుండగా పెద్ద అధిపతి రాతు సుకునా మాన్పించి ఆక్స్‌ఫర్డ్‌కు చరిత్ర చదవడానికి పంపడం. ఆ రెండో సంగతి ముఖ్యం. తన చదువేమిటో కూడా పెద్దలే తేల్చే వంశంలోంచి వచ్చాడాయన.

వ్యాసాన్ని మాత్రం పుట్టుకతో మొదలుపెట్టకు, కౌలు కాగితంతో మొదలుపెట్టు. 1967లో రాసుకున్న 10 ఏళ్ల కౌలుకు 1976 చట్టం ఇంకో 20 ఏళ్లు కలిపింది. అంటే గడువు 1997. ఆ ఏటి నుంచి కౌళ్లు ఒక్కొక్కటే తీరిపోతూ వచ్చాయి. చాలామంది చెరకు రైతులు, వాళ్లలో దక్షిణాది కుటుంబాలు కూడా, మూడు తరాలు దున్నిన నేల వదిలి పట్నం శివార్లకు చేరారు. అప్పుడు అధ్యక్ష పీఠం మీద ఉన్నది మారాయే. ఆ ఒక్క పేరా ముందు రాసి పంపు. 300 మాటల్లో, విశేషణం లేకుండా. మిగతాది దాన్ని బట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు