బౌలే వారి కొయ్య ముసుగు గోడకు ఉంటే అది దేవుడా, అలంకరణా?

ఐవరీ కోస్ట్ నుంచి బంధువులు తెచ్చిన, అక్కడి బౌలే జాతివారి ముసుగు మీ ఇంటి గోడకు ఉందని, పళ్లెంలాంటి గుండ్రని ముఖం, పైన కొమ్ములు ఉన్న ఆ బొమ్మను పూజించాలో భయపడాలో తెలియడం లేదని అడిగారు. పలాస మిల్లులకు పచ్చి జీడిగింజలు కొనే పని మీద నేను రెండు సీజన్లు ఆ దేశంలోని బువాకే నగరంలో ఉన్నాను. దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన అంత్యక్రియలకు జరిగిన గోలి అనే ముసుగుల నృత్యాన్ని అప్పుడే చూశాను.

మీరు చెప్పినది క్ప్లేక్ప్లే అనే ముసుగు. గోలిని బౌలే వారు 1900 ప్రాంతం తర్వాత పొరుగు వాన్ జాతి నుంచి స్వీకరించారు. పగలంతా సాగే ఆ ఆటలో నాలుగు రకాల ముసుగులు జంటలుగా, చిన్నవాటి తరువాత పెద్దవి వస్తాయి: మొదట క్ప్లేక్ప్లే, తరువాత దున్న కొమ్ములూ మొసలి నోరూ కలిసిన గోలి గ్లిన్, ఆపై పొట్టేలు కొమ్ముల క్పాన్ ప్రే, చివరగా తీర్చిన కొప్పుతో మనిషి ముఖమున్న క్పాన్.

క్ప్లేక్ప్లే జంట వచ్చినప్పుడు నేను ముందు వరుసలోనే ఉన్నాను. ముఖం అంచు నుంచి వేలాడే నారకుచ్చులు ఆడేవాని మెడనూ రొమ్మునూ కప్పేశాయి, వీపు మీద జంతుచర్మం ఎగిరెగిరి పడుతోంది, ఆడవాళ్లు పాడుతున్నారు, సొరబుర్ర గిలకల మోతలో ఆ గుండ్రని ముఖం ఒక్క క్షణం కూడా నిలకడగా కనిపించలేదు. మన ఊళ్లలో వేషం కట్టినది ఎవరని అడగడం మామూలే కనుక, ముసుగు లోపల ఉన్నది ఎవరని పక్కనున్న ఆతిథేయిని అడిగాను. "అది గోలి" అన్నాడు. మళ్లీ అడిగినా అదే మాట చెప్పాడు. కొయ్య, కుచ్చులు, చర్మం, పాట, అడుగు అన్నీ కలిస్తేనే గోలి అవుతుందని నాకు అప్పుడు బోధపడింది.

అన్ని ముసుగులూ ఒకటి కావు. ఎంబ్లో అనే ఆటలోని నునుపైన ముఖాలు నిజంగా బతికున్న మనుషులవి, తరచుగా స్త్రీలవి. ఆ ముఖం ఎవరిదో ఆమె దాని పక్కనే నర్తిస్తుంది, దానిని తన ప్రతిరూపంగా భావిస్తుంది. ఇంత గౌరవం నేను మరే కళలోనూ చూడలేదు. బోను అముయిన్ అనే పవిత్ర ముసుగులను మాత్రం స్త్రీలు చూడరాదు.

మీ ముసుగు విషయంలో భయపడనక్కర లేదు, పూజా అక్కర లేదు. బజారులో దొరికేవాటిలో అనేకం అమ్మకానికే చెక్కినవి, ఏనాడూ ఆడనివి. ఒకసారి దించి అంచు చూడండి. చుట్టూ చిన్న చిల్లులుంటే, కుచ్చులు కట్టవలసినది అక్కడే.