వేసవి మూడు నెలలూ ‘వచ్చాక చూద్దాం’ అంటే ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: మాది తణుకు. బీమా ఏజెంటుగా పనిచేస్తున్నాను. జనవరి నుంచి మార్చి దాకా వ్యాపారం బాగుంటుంది. స్కూళ్లకు సెలవులిచ్చాక ఎవరికి ఫోన్ చేసినా ‘ఊళ్లో లేమండీ, వచ్చాక చూద్దాం’ అంటున్నారు. పాత పాలసీల మీద వచ్చే రెన్యువల్ కమీషన్ నెలకు సగటున రూ.18 వేలు, ఇంటి ఖర్చు రూ.35 వేలు. జూన్‌లో ఇద్దరు పిల్లల ఫీజులు రూ.60 వేలు కట్టాలి. మార్చి డబ్బులో రూ.90 వేలు మిగిలాయి. నిరుడు ఫీజులు క్రెడిట్ కార్డుతో కట్టి చాలా అవస్థ పడ్డాను. ఈసారి ఏం చేయమంటారు?

జవాబు: ముందు లెక్క వేద్దాం. మే, జూన్, జులైలలో ఇంటి ఖర్చుకు తక్కువ పడేది నెలకు రూ.17 వేల చొప్పున రూ.51 వేలు. ఫీజులతో కలిపితే రూ.1.11 లక్షలు. మీ దగ్గర రూ.90 వేలున్నాయి. అంటే ఈ మూడు నెలల్లో కొత్త పాలసీల మీద మీకు రావాల్సింది రూ.21 వేలు మాత్రమే. ఇది మీరు అందుకోలేనిదేమీ కాదు. ఫీజుల రూ.60 వేలు మాత్రం ఇవాళే వేరే ఖాతాలోకి మార్చేయండి. రోజువారీ ఖాతాలో ఉంటే అవి జూన్ దాకా నిలవవు.

మీకు రావాల్సిన డబ్బు ఇంకొకటి ఉండవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి బీమా కమీషన్ మీద 2 శాతం టీడీఎస్ (చేతికివ్వక ముందే పట్టుకునే పన్ను) కోస్తున్నారు. కొత్త పన్ను విధానంలో ఏడాది ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను ఉండదు కాబట్టి, కోసిన సొమ్ము మీకు తిరిగి రావాలి. జనవరి-మార్చి టీడీఎస్ వివరాలు దాఖలు చేయడానికి కంపెనీలకు మే 31 దాకా గడువుంటుంది. అవి మీ పాన్ మీద కనిపించగానే ఆదాయపు పన్ను రిటర్న్ వేసేయండి, చివరి వారం దాకా ఆగొద్దు.

ఇక పని సంగతి. మే నెలలో మీరు పలకరించని మనిషి ఆగస్టులో సంతకం పెట్టడు. వేసవిలో మీరు చేయాల్సింది పాలసీ అమ్మడం కంటే ముందు తేదీ ఖాయం చేసుకోవడం. ‘వచ్చాక చూద్దాం’ అనగానే ఫోన్ పెట్టేయకండి. ‘ఎప్పుడొస్తారండీ?’ అని అడగండి. ‘పన్నెండున స్కూళ్లు తెరుస్తారుగా, పదికల్లా వచ్చేస్తాం’ అంటారు. ‘అయితే పద్నాలుగు సాయంత్రం ఇంటికొస్తాను’ అని చెప్పి, డైరీలో రాసుకున్నానని వెంటనే మెసేజ్ పెట్టండి. ఆషాఢం మొదలైతే చాలామంది కొత్త పనులు శ్రావణానికి నెడతారు. స్కూళ్లు తెరిచాక ఆషాఢం వచ్చే లోపు దొరికే రోజులే మీకు అసలైన సీజన్.

అందరూ ఊళ్లు వెళ్లిపోయారనుకోవద్దు. మీ చుట్టుపక్కల పల్లెల్లో రైతులకు దాళ్వా (రెండో పంట) ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చేది ఇప్పుడే. తొలకరి పెట్టుబడికి కావాల్సింది వాళ్లు పక్కన పెట్టుకున్నాకే ప్రీమియం మాట ఎత్తండి. వచ్చే ఏడాది కట్టలేని పాలసీ వల్ల వాళ్లకూ నష్టమే, మీ రెన్యువల్‌కూ నష్టమే. పొద్దున్న తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం ఆరు దాటాక తిరగండి.

అమెరికాలో ఉన్న కొడుకులు, కూతుళ్లు తమ పిల్లల బళ్లకు సెలవులిచ్చాక జూన్, జులైలలో ఇళ్లకొస్తారు. తల్లిదండ్రుల ఆరోగ్య బీమా గురించి అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునేది అప్పుడే. ఆరోగ్య బీమా కొనడానికి 65 ఏళ్ల పరిమితిని 2024 ఏప్రిల్‌లో తీసేశారు. పాత జబ్బులకు క్లెయిమ్ కోసం వేచి ఉండే కాలం మూడేళ్లు దాటకూడదన్నారు. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఇవి చాలా ఇళ్లలో ఇంకా తెలియవు. బీపీ, షుగర్ ఉన్న సంగతి మాత్రం ఫారంలో దాచనివ్వకండి. రేపు క్లెయిమ్ ఆగితే ఆ పెద్దవాళ్లు ఆస్పత్రి బిల్లుతో నిలబడాల్సి వస్తుంది.

మధ్యాహ్నం ఎండ వేళ పాత ఫైళ్లు తీయండి. ప్రీమియం ఆగిపోయిన పాలసీలను సాధారణంగా మొదటి బకాయి నాటి నుంచి ఐదేళ్ల లోపు పునరుద్ధరించుకోవచ్చు. నామినీ మారాల్సినవి, చిరునామా పాతబడినవి కూడా చూడండి. ఈ పనుల కోసం ఫోన్ చేస్తే ఎవరూ విసుక్కోరు. ఎవరి దగ్గరో కొన్న నంబర్ల జాబితా పెట్టుకుని కొత్తవాళ్లకు ఫోన్లు చేయడం మాత్రం వద్దు. ఫిర్యాదులొస్తే మీ నంబరే ఆగిపోవచ్చు.

టార్గెట్ కోసం మొదటి ప్రీమియం మీరు కట్టడం, కమీషన్‌లో వాటా తిరిగివ్వడం అస్సలు చేయకండి. కమీషన్ తిరిగివ్వడాన్ని బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధించింది. పైగా మీ లెక్కలో ఆ రూ.21 వేలకే గండి పడుతుంది. అప్పటికీ జూన్ నాటికి తక్కువ పడేలా ఉంటే, మేలోనే స్కూలుకు వెళ్లి ఫీజు రెండు మూడు వాయిదాల్లో కడతానని అడగండి. కార్డు బాకీ మీద నెలకు మూడు శాతం పైగా పడే వడ్డీ కంటే ఆ ఒక్క మాట అడగడం మేలు.