ఎమ్మెస్సీ మ్యాథ్సా, మ్యాథ్స్ ఎడ్యుకేషనా?

స్కూల్లో లెక్కలు చెప్తున్నాను, మాస్టర్స్‌కి ప్యూర్ మ్యాథ్సా మ్యాథ్స్ ఎడ్యుకేషనా తేలట్లేదు అన్నారు కదండీ. రేపు కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్ అవ్వాలనుంటే చాలాచోట్ల మ్యాథ్స్ మాస్టర్సే అడుగుతారు, అప్పుడిక ఆలోచించక్కర్లేదు.

అలాకాకుండా పిల్లలు ఎందుకలా ఆలోచిస్తారన్నదే మిమ్మల్ని తొలిచేస్తుంటే మ్యాథ్స్ ఎడ్యుకేషన్ వైపే రండి. 0.45, 0.5లో ఏది పెద్దదంటే చాలామంది పిల్లలు 0.45 అంటారు, 5 కంటే 45 పెద్దది కదా అని. అది అజాగ్రత్త కాదు, పూర్ణసంఖ్యల రూల్‌నే దశాంశాలకి కూడా వాడేస్తున్నారు, పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ల నోట్సులు చూసి ఇలాంటివి పట్టుకోవడమే ఇక్కడ అసలు పని. అమెరికన్ ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ లీ షుల్మన్ 1986లో పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అన్నది దీని గురించే, సబ్జెక్ట్ రావడం వేరు, అది ఎక్కడ తికమక పెడుతుందో తెలియడం వేరు.

అప్లై చేసేముందు కోర్సు మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉందా ఎడ్యుకేషన్‌లో ఉందా చూడండి, మొదటిదైతే అల్జీబ్రా, అనాలిసిస్ పేపర్లు గట్టిగానే తగలొచ్చు. థీసిస్ ఉందో లేదో కూడా కనుక్కోండి, పీహెచ్‌డీ ఆలోచనుంటే అది బాగా పనికొస్తుంది.

ఎస్ఓపీలో (అప్లికేషన్‌తో పాటు ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) మాత్రం చిన్నప్పట్నుంచీ లెక్కలంటే ప్రాణం అని మొదలెట్టకండి బాబూ, అందరూ అదే రాస్తారు! మీ క్లాసులో పదేపదే ఎదురైన ఒక్క తప్పు తీసుకుని దాని గురించి రాయండి. 1968 నుంచీ వస్తున్న ఎడ్యుకేషనల్ స్టడీస్ ఇన్ మ్యాథమెటిక్స్ జర్నల్‌లో అబ్‌స్ట్రాక్ట్‌లు తిరగేస్తే ఆ టాపిక్ మీద ఎవరు పనిచేస్తున్నారో తెలుస్తుంది, గైడ్ కోసం వాళ్లకే మెయిల్ పెట్టండి.