సంక్రాంతి జనాన్ని చూసి అడ్వాన్సు ఇవ్వకండి

రాజోలు సెంటర్లో పిల్లల రెడీమేడ్ బట్టల షాపు పెట్టాలనుకుంటున్నామని, సంక్రాంతికి చూసిన గది నచ్చిందని, అడ్వాన్సు ఇచ్చేయవచ్చా అని అడిగారు. ఇప్పుడే ఇవ్వకండి. నేను ఆ పని చేసి నష్టపోయాను.

మా మొదటి షాపు కొత్తపేటలో. పండగ ముందు వారం గది చూశాం. బజారులో కాలు పెట్టే సందు లేదు. సార్వా ధాన్యం డబ్బులు చేతిలో ఉన్నాయి, కూతుళ్లూ అల్లుళ్లూ వచ్చారు, అందరూ కొంటున్నారు. ఫిబ్రవరిలో షాపు తెరిచాం. జూలై వచ్చేసరికి ఊళ్లో డబ్బంతా ఊడ్పులకీ ఎరువులకీ పోయింది. పైగా ఆషాఢం, పెళ్లిళ్లు లేవు. కొన్ని రోజులు బోణీ కూడా కాలేదు. వచ్చిన ఒకరిద్దరూ "కోతలయ్యాక ఇస్తామండి, రాసుకోండి" అనేవారు. పదకొండు నెలలకి మూసేశాం.

రెండోసారి రావులపాలెంలో పెట్టేముందు మూడు వారాలు టీ కొట్టు దగ్గర కూర్చుని పుస్తకంలో లెక్క రాశాను. దారిన పోయేవాళ్లందరినీ లెక్కపెట్టలేదు, చేతిలో బట్టల కవరు ఉన్నవాళ్లనే రాసుకున్నాను. పొద్దున పల్లెల నుంచి దిగినవాళ్లు ఆస్పత్రికో బ్యాంకుకో పరుగెడతారు. కొనేది సాయంత్రం, తిరుగు బస్సు ఎక్కేముందు. అందుకే అద్దె నెలకి 2,000 ఎక్కువైనా తిరుగు బస్సులు ఆగే వైపే గది తీసుకున్నాం. ఆ షాపు ఇప్పటికీ నడుస్తోంది.

మీ రాజోలు వైపు వరి డబ్బే కాదు, కొబ్బరి దింపుల డబ్బు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు కూడా ఉంటాయి. తల్లి కువైట్‌లో ఉన్న ఇంట్లో పిల్లలకి గౌను కొనేది అమ్మమ్మే. ఆవిడ చేతికి డబ్బు ఏ తేదీల్లో అందుతుందో, బట్టలకి రాజోలులోనే ఆగుతుందో, అమలాపురం దాకా వెళ్తుందో కనుక్కోండి. నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యమనిపిస్తుంది.

ఆ గదిలో ఇంతకుముందు ఎవరున్నారో, ఎందుకు ఖాళీ చేశారో పక్క షాపులవాళ్లని అడగండి. గోడ అడుగున చెమ్మ గీత ఉందేమో చూడండి. కొత్తపేటలో ఒక రాత్రి వానకి డ్రైను పొంగి మా కింది అరలో బట్టలన్నీ తడిసిపోయాయి.

సరుకు రాజమండ్రి తాడితోటలో తెచ్చుకుంటే, అమ్ముడుపోని సైజులు మార్చి ఇస్తారో లేదో ముందే మాట్లాడుకోండి.

ఓనరు తొందరపెడితే ఆషాఢం దాకా టైమ్ అడగండి. ఆ నెలలో నాలుగైదు సాయంత్రాలు అక్కడ కూర్చుని లెక్క రాయండి. రాశాక నాకు చెప్పండి, అద్దెతో పోల్చి ఇద్దరం కలిసి చూద్దాం.