మలుపు తిరగగానే మోడల్ జెట్ టర్బైన్ ఎందుకు ఆరిపోతుంది?

హన్మకొండలో నేలమీద చక్కగా నడిచిన టర్బైన్ (రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానంలోని చిన్న జెట్ ఇంజిన్), జెట్ పైకి లేచి మలుపు తిరగగానే ఆరిపోతోందని, మే నెల ఎండే కారణమా అని అడిగారు. వేడి గాలి పలుచన కాబట్టి థ్రస్ట్ (విమానాన్ని ముందుకు తోసే బలం) తగ్గుతుంది, టేకాఫ్ పరుగు పెరుగుతుంది. మంట ఆరడానికి మాత్రం ముందుగా అనుమానించాల్సింది ఇంధన గొట్టంలోని గాలి బుడగలనే. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఇంజిన్‌కు క్షణంపాటు కిరోసిన్ అందకపోయినా చాలు, ఆరిపోతుంది.

ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న గొట్టాన్నే చూడండి. అక్కడ పంపు పీలుస్తుంది కనుక, సందు ఉంటే ఇంధనం బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. పైకి అంతా పొడిగా కనిపించి మనల్ని మోసం చేసేది ఇదే. ఆ భాగాన్ని విప్పి, ఒక కొస మూసి, బకెట్ నీళ్లలో ముంచి, సిరంజితో మెల్లగా గాలి ఒత్తండి. నా జెట్‌లో ఫిట్టింగ్ అంచున, గోటితో గీసినంత సన్నని కోత దగ్గర ఆవగింజంత బుడగలు వరుసగా లేచాయి. కోత పడిన కొసను తిన్నగా కత్తిరించి మళ్లీ తొడిగితే సరిపోయింది.

గాలిని వేరుచేసే చిన్న ట్యాంకు ప్రతిసారీ అంచుదాకా నిండాలి. ఈసీయూలో (ఇంజిన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టెలో) నమోదైన వివరాలూ చదవండి: పంపు వోల్టేజి పెరుగుతుండగా చుట్లు, ఉష్ణోగ్రత పడిపోతే అది ఇంధనం అందని లక్షణమే.

స్టార్ట్ చేసేటప్పుడు పక్కన మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తప్పనిసరి. పొడి చల్లేది వాడితే ఇంజిన్ పాడవుతుంది.