పొరుగువారి రుణం ఎలా తీరుతుంది?

ప్రశ్న: మేము మల్కాజిగిరిలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాము. మావారి ఉద్యోగం వేరే రాష్ట్రంలో. రెండు నెలల క్రితం మా అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, ఎదురింటి ఆవిడ ఆమెను ఎవరినీ లేవదీయనీయకుండా ఆపి, 108కి ఫోన్ చేశారు. కింది అంతస్తు ఆయన వానలో గల్లీ మలుపు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపించారు. ఆ తరువాత మూడు వారాలు మాకు భోజనం ఏదో ఒక ఇంటి నుంచి వస్తూనే ఉంది. కృతజ్ఞతగా ఎదురింటి ఆవిడకు పట్టుచీర తీసుకువెళ్తే, తీసుకోకపోగా నొచ్చుకున్నట్టు కనిపించారు. ఈ రుణం ఎలా తీర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, ఖరీదైన చీర చేతిలో పెట్టగానే, తాను చేసినదానికి మీరు వెలకట్టి లెక్క ముగించేస్తున్నారని ఆవిడకు అనిపించి ఉంటుంది. మందులకో ఆటోకో ఎవరైనా డబ్బు పెట్టి ఉంటే, దాన్ని మాత్రం అడిగి మరీ పూర్తిగా ఇచ్చేయండి. చేబదులు వేరు, చేసాయం వేరు.

మన ఇళ్ళలో ఒక పాత అలవాటు ఉంది: పొరుగింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపము. ఆ మూడు వారాల్లో వచ్చిన స్టీలు గిన్నెలు మీ వంటింట్లో ఇంకా ఒకటి రెండు మిగిలే ఉంటాయి; వాటి మీద చెక్కించిన పేర్లు చూసి, నాలుగు సకినాలో గుప్పెడు కరివేపాకో వేసి ఎవరివి వారికి మీరే స్వయంగా ఇచ్చి రండి. ఆ గిన్నె మళ్ళీ ఏదో ఒకటి నింపుకొని మీ ఇంటికి వస్తుంది, రావాలి కూడా. ఈ రుణం పూర్తిగా తీరిపోవాలని కోరుకోకండి. అది కొంత మిగిలి ఉన్నంతకాలమే రాకపోకలు ఉంటాయి.

ఇక ఆవిడతో ఊరికే థాంక్స్ అని సరిపెట్టకుండా, ఆ రోజు తాను ఏమి చేశారో విడమరిచి చెప్పండి. పడిపోయిన పెద్దవారిని కంగారులో చేతులు పట్టి లేవదీయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. దానివల్ల విరిగిన ఎముక పక్కకు జరిగి గాయం ముదిరే ప్రమాదం ఉంది. దాన్ని ఆపింది ఆవిడే. అలాగే, 2005లో హైదరాబాదులోనే మొదలైన 108 సేవ వాహనాన్ని పంపగలదు గాని, ఒకే తీరుగా కనిపించే గల్లీల్లో ఏ మలుపు తిరగాలో చూపడానికి వానలో నిలబడే మనిషి ఒకరు కావాలి. ఆ మాట ఆయనకూ చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, వారు మిమ్మల్ని సాయం అడిగేలా ఉండండి. మంజీర నీళ్ళు వచ్చే వేళకు మోటారు వేయమనో, ఊరెళ్తూ తాళంచెవి మీ దగ్గర ఉంచుతామనో ఎదురింటి ఆవిడ అడగగలిగితే, అంతకు మించిన బదులు లేదు. మీరు కూడా చిన్న చిన్న అవసరాలకు మొహమాటపడకుండా తలుపు తట్టండి, ఎందుకంటే కరివేపాకు అడిగే చనువు లేని చోట అర్ధరాత్రి పిలిచే ధైర్యం రాదు. 2020 అక్టోబరు వానలకు టోలీచౌకిలోని నదీమ్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళు చేరినప్పుడు, కింది అంతస్తులవారికి ముందుగా అక్కరకు వచ్చినవి పై అంతస్తులవారి తలుపులే.

ఒక్క సందేహం నాకు మిగిలింది. మీ ఉత్తరంలో వాచ్‌మన్ కుటుంబం ప్రస్తావన లేదు. స్ట్రెచర్ దించడానికి గేటు తీసిందెవరో, ఆ మూడు వారాలు మీ చెత్తబుట్ట ఎవరు కిందికి తీసుకువెళ్ళారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చేసుకునేటప్పుడు, ముందుగా వారి గది దగ్గరికి వెళ్ళి, తరువాత మెట్లెక్కండి.